ఒక్క చేపకు సరిపడా నీళ్లు

జూన్ 10

చిన్నది పోయాక ఇవాళే మళ్లీ డ్యూటీలో చేరాను. పెద్దది కూడా ఇవాళే బడికి వెళ్లింది. తండ్రీకూతుళ్లు ఒకే రోజు మొదలుపెడితే ఒకరికొకరు తోడుగా ఉంటుందని మా ఆవిడ అంది. తనింకా పార్లర్‌లో పనికి వెళ్లడం లేదు. ఎన్నాళ్లయినా ఫర్వాలేదు, కుదుటపడ్డాకే రమ్మన్నారట.

ఆఫీసులో అందరూ నాతో ఒకలాంటి గొంతుతో మాట్లాడారు. ఎక్కడో విన్న గొంతే అనిపించింది. తరువాత గుర్తొచ్చింది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లతో మేం బయటినుంచి మాట్లాడే గొంతు అది. "కంగారు పడకండి, వచ్చేస్తున్నాం." తాత మాత్రం అలా మాట్లాడలేదు. తాత అంటే వయసులో నాకంటే చిన్నవాడే, జుట్టు తొందరగా నెరిసి ఆ పేరు పడింది. వాడు నా చేతిలో స్పానర్ పెట్టి, "మూడో లిఫ్టు తలుపు మొరాయిస్తోంది, పద" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చి తొట్టెలో నీళ్లు మార్చాను. చాలా రోజులైంది మార్చి. తొట్టె పిల్లల గదిలో, రెండు మంచాలకీ మధ్య బల్లమీద ఉంది. పోయిన పుట్టినరోజుకి కొన్నది. కవలలకి ఒకటే పుట్టినరోజు, ఒకటే తొట్టె, చెరో గోల్డ్ ఫిష్. లావుగా, నెమ్మదిగా, మలుపు తిరగడానికి బోలెడు చోటు కావాలనేది పెద్దదాని చేప. పేరు బస్సు. ముక్కు మీద నల్లగా కళ్లజోడు మచ్చ ఉండి, ఎవరు నవ్వినా అద్దం దాకా వచ్చి గుడ్లురిమి చూసేది చిన్నదాని చేప. పేరు లెక్కల టీచర్.

రెండూ బాగానే ఉన్నాయి.

జూన్ 13

లెక్కల టీచర్ మేత ముట్టలేదు. అరగలేదేమో.

జూన్ 14

లెక్కల టీచర్ అడుగున ఓ మూల ఒరిగి ఉంది. నీళ్లు మళ్లీ కొంచెం మార్చాను. గులకరాళ్లు కడిగాను. గాలి గొట్టం శుభ్రం చేశాను. పెద్దది, "దానికి జ్వరమా నాన్నా?" అంది. చేపలకి జ్వరాలు రావని చెప్పాను. మా ఆవిడ గదిలోంచి వెళ్లిపోయింది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. చేపలకి రావని.

జూన్ 15

పొద్దున్నే చూశాను. పెద్దది నిద్ర లేవలేదు, మా ఆవిడ చిన్నదాని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తేలుతున్న చేపని తీసి పేపర్లో చుట్టి టూల్ బ్యాగులో పెట్టుకున్నాను. ఎక్కడ పెట్టి వచ్చానో ఇక్కడ రాయను.

పెద్దది అడిగితే, పక్కింటి వాళ్ల దగ్గర మందు వేయించడానికి ఇచ్చానన్నాను. మధ్యాహ్నం తాతకి పని అప్పజెప్పి చేపల షాపుకి వెళ్లాను. షాపావిడ పెద్దావిడ. చేతిలో చిన్న వల పట్టుకుని, ఎవరితో మాట్లాడుతున్నా నీళ్లకేసే చూస్తుంది. ముక్కు మీద నల్లమచ్చ ఉన్న చేప కావాలన్నాను. తొట్టెలన్నీ గాలించింది పాపం.

"మీ తొట్టె ఏ మాత్రం ఉంటుంది బాబూ?"

చేతులు చాపి చూపించాను.

"అందులో ఒక్కటైతే హాయిగా ఉంటుంది. రెండైతే సర్దుకుంటాయి. అంతకుమించి వేయకండి. ఇవి పెరిగే జాతి."

ఊ కొట్టి తెచ్చేశాను. పెద్దది బడినుంచి వచ్చేసరికి అది నీళ్లలో తిరుగుతోంది. "తగ్గిపోయింది తల్లీ" అన్నాను. పెద్దది అద్దం దగ్గర చాలాసేపు నిలబడి చూసింది. "బానే ఉంది" అంది.

చూశావా. బానే ఉంది.

జూన్ 18

ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. చేపలు బాగానే ఉన్నాయి.

జూన్ 23

కొత్త లెక్కల టీచర్ కూడా పోయింది. మళ్లీ షాపుకి వెళ్లాను. పాత నీళ్లలోనే ఏదో జబ్బుందేమో, పదిరోజులు ఆగమంది షాపావిడ. పదిరోజులు ఎలా ఆగుతాను? సాయంత్రం నాలుగింటికి బడి వదిలేస్తారు.

ఈసారి దొరికినదాని మచ్చ మరీ చిన్నది. అయినా దూరంనుంచి కళ్లజోడులాగే ఉంది. ఎందుకైనా మంచిదని ఇంకోటి కూడా తెచ్చాను, మచ్చ లేనిది. ఒకటి కనపడకపోయినా తొట్టె బోసిగా ఉండదు.

"ఈ కొత్తది ఎవరిది నాన్నా?" అంది పెద్దది.

"ఇంటిది."

"ఇంటిదంటే?"

"అందరిదీను."

అది ఇంకేమీ అడగలేదు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నా వైపే చూసింది.

జూన్ 28, ఆదివారం

వదిన ఫోన్ చేసింది. మా ఆవిడకి అక్క. వాళ్ల అమ్మాయి మా పెద్దదానికంటే ఏడాది పెద్ద. ఆ పిల్లని మా ఇంట్లో ఉంచి ఇక్కడి బడిలోనే చేర్పిస్తానంటోంది. "పుట్టినప్పటినుంచి ఒక్కరోజు ఒంటరిగా పడుకోలేదు మీ పెద్దది. ఇప్పుడు ఒక్కతే ఉండమంటే ఎలా ఉంటుంది? బెంగ పెట్టుకుంటుంది మరిదీ. నేను చెప్తున్నా, దానికి తోడు కావాలి."

వదిన మాటలో నిజముంది. మా ఆవిడా సరేనంది. అందుకే కదా తను ఆ గదిలో పడుకునేది. బడికి తనే తీసుకెళ్లి తనే తీసుకొస్తుంది. మేడమీద బట్టలు తీసుకురావాలన్నా పెద్దదాన్ని వెంటబెట్టుకునే వెళ్తుంది. సాయంత్రాలు నేను కాపలా. ఎక్కడున్నా మాలో ఒకరి కన్ను దానిమీద ఉంటుంది.

ఇవాళ పెద్దది స్నానానికి వెళ్లినప్పుడు మా ఆవిడ బయట నిలబడి, రెండుసార్లు పిలిచింది. లోపల్నించి పెద్దది, "బాత్రూంలోనైనా ఒక్కదాన్నే ఉండొచ్చా అమ్మా?" అంది. మేమిద్దరం నవ్వాం. నవ్వి చాలా రోజులైంది. ఆ తరువాత ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

జూలై 1

చిన్నదాన్ని జ్వరంతో చేర్చిన ఆ ఆస్పత్రి లిఫ్టు ఆగిపోయిందని కంప్లైంట్ వచ్చింది. నేనే వెళ్తానన్నాను. టూల్ బ్యాగు తీసుకుని బయల్దేరాను కూడా.

తాత వెళ్లాడు.

జూలై 4

పెద్దది ఇవాళ పాలు తాగుతూ తొట్టెకేసి చూసి, "నాన్నా, లెక్కల టీచర్ కళ్లజోడు పెట్టుకోవడం మానేసింది" అంది.

వెళ్లి చూస్తే నిజమే. మచ్చ వెలిసిపోతోంది. నిన్నటిదాకా ఉంది, ఇవాళ సగమే ఉంది.

"చూపు బాగైందేమో" అన్నాను.

పెద్దది నవ్వలేదు. గ్లాసు అడుగున మిగిలిన పాలు ఊరికే తిప్పుతూ కూర్చుంది. జుట్టు కళ్లమీద పడుతోంది. ఇద్దరికీ ఒకేలా చెవుల కిందికి కత్తిరించేది మా ఆవిడ. ఒకర్ని పిలిస్తే ఇద్దరూ వచ్చి కూర్చునేవాళ్లు. ఇప్పుడు కత్తెర పట్టుకోవడం లేదు తను. నేనూ అడగలేదు.

జూలై 5, ఆదివారం

షాపావిడ చెప్పింది. చిన్నప్పుడు ఉండే నల్లమచ్చలు ఈ చేపలకి పెరిగేకొద్దీ పోతాయట. ఎన్ని తెచ్చినా అంతేనట. అసలుదే ఉన్నా దాని మచ్చా పోయేదేనట.

నాలుగు కొన్నాను. తలోరకంగా మచ్చలున్నవి. "తొట్టె పెద్దది తీసుకున్నారా?" అంది. "తీసుకున్నాను" అన్నాను. "ఎంతది?" అంది. మళ్లీ చేతులు చాపాను, ఈసారి బారెడు. ఆవిడ నా మొహంకేసి చూసింది. మొదటిసారి అనుకుంటా, నీళ్లవైపు కాకుండా మనిషివైపు చూడడం.

ఇప్పుడు ఏడున్నాయి. ఏది ఎవరిదో చెప్పడం కష్టం. అదే మంచిది. ఏడింటిలో ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

జూలై 8

తొట్టె మహా కళగా ఉంది. పెళ్లివారిల్లులా అటూ ఇటూ ఒకటే తిరుగుడు. బస్సుకి మలుపు తిరగడానికి చోటు చాలడం లేదు, ఓ మూల నిలబడిపోతోంది. రద్దీ కదా. పెద్దదానితో అంటే, "ఊ" అంది.

నీళ్లు కొంచెం తెల్లబడ్డాయి. వానలకి కుళాయి నీళ్లే అలా వస్తున్నాయేమో.

జూలై 12, ఆదివారం

వదిన వచ్చింది. వచ్చే ఆదివారం పిల్లని తీసుకొచ్చి దింపుతానంది. చిన్నదాని అలమరలో ఒక అర ఖాళీ చేస్తే చాలట. మా ఆవిడ సరేనంటూనే ఆ అలమర తలుపుకి వీపు ఆనించి నిలబడింది, వదిన వెళ్లేదాకా.

పెద్దదాన్ని అడిగాం, అక్క వస్తే సరదాగా ఉంటుంది కదా అని. "అక్కకి ఇష్టమేనా?" అంది. ఇష్టమేనన్నాం. "అయితే సరే" అంది. ఈ మధ్య అన్నిటికీ సరే అంటోంది. మంచి పిల్ల.

జూలై 15

చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆకలి కాబోలు. ఇంకాస్త మేత వేశాను.

జూలై 16

ఒకటి పోయింది. ఇంకా ఆరున్నాయి. ఫర్వాలేదు.

జూలై 17

ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. పిల్లల గదిలో మా ఆవిడ బకెట్ పట్టుకుని నిలబడింది. పెద్దది కుర్చీ ఎక్కి, మోచేతిదాకా తొట్టెలో చెయ్యి పెట్టి, తేలుతున్నవాటిని ఒక్కొక్కటే తీసి పేపర్‌మీద పెడుతోంది. బడి బట్టలు ముందంతా తడిసిపోయాయి. గదంతా నీచువాసన.

ఐదు. పేపర్ మీద వరసగా. కొన్నిటికి మచ్చలు, కొన్నిటికి లేవు.

బకెట్‌లో మంచినీళ్లలో బస్సు ఒక్కటే ఉంది. పక్కకి ఒరుగుతూ, మళ్లీ నిటారుగా అవుతూ.

టూల్ బ్యాగు భుజానే ఉంది. "షాపు ఇంకా మూయలేదు, ఇప్పుడే వెళ్లొస్తా. లెక్కల టీచర్‌ని..." అంటున్నాను. అంటూనే ఉన్నాననుకుంటా.

పెద్దది కుర్చీ దిగింది.

"నాన్నా, లెక్కల టీచర్ ఎప్పుడో పోయింది."

నా చెయ్యి బ్యాగు మీదికి వెళ్లింది.

"నువ్వు పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టుకున్నప్పుడు నేను మేలుకునే ఉన్నా. తరువాతది కూడా తెలుసు. దాని తోక చివర నలిగి ఉండేది, చెల్లిదానికి అలా ఉండదు."

"మరి అడగలేదేం తల్లీ?"

"నువ్వు అంత కష్టపడి వెతికి తెచ్చావు కదా. నేను కనిపెట్టేశానంటే నీకు ఏడుపొస్తుందని."

మా ఆవిడ బకెట్ కిందపెట్టి మంచం మీద కూలబడింది. "నేనూ చూశాను ఆ పొద్దున" అంది. "గోడవైపు తిరిగి పడుకున్నానే గానీ నిద్రెక్కడిది. పెద్దదానికి తెలియకూడదని మీరు తంటాలు పడుతున్నారు, నేనెందుకు నోరు విప్పాలని ఊరుకున్నాను."

అంటే ఈ ఇంట్లో అందరికీ తెలుసు. నెలరోజులుగా ముగ్గురం ఒకరికోసం ఒకరం ఆ తొట్టె ముందు నిలబడి, బానే ఉంది బానే ఉంది అనుకుంటున్నాం.

నేను కింద కూర్చుండిపోయాను. ఏడ్చాను. చిన్నది పోయిన రోజు కాగితాల మీద సంతకాలు పెడుతూ ఏడవలేదు. ఇవాళ చేపల ముందు, కూతురి ముందు, భుజాన బ్యాగుతో. పెద్దది తడిచేత్తోనే నా తల నిమిరింది. నా జుట్టంతా చేపల వాసన.

కాసేపయ్యాక అదే అంది, "వీటిని కింద మట్టిలో పెడదాం నాన్నా. పేపర్ వద్దు." ముగ్గురం వెళ్లి గోడపక్కన పెట్టి వచ్చాం. అది ముందు నడిచింది.

జూలై 18

తొట్టె ఖాళీ చేసి కడిగాను. రాళ్లన్నీ తీసి ఎండబెట్టాను. నిండా కొత్తనీళ్లు పోశాక ఎంత పెద్దదిగా ఉందో! రాత్రంతా బకెట్‌లో ఉన్న బస్సుని మధ్యాహ్నం అందులోకి వదిలాం. అది ఇటు గోడనుంచి అటు గోడకి వెళ్లి, మెల్లగా తిరిగి వచ్చింది. ఎవరూ అడ్డం రాలేదు. నాకు చూడబుద్ధి కాలేదు. ఆ నీళ్లలో అదొక్కటీ.

"ఒక్కటి తెద్దాం. మచ్చల్లేనిదే. ఏ పేరూ పెట్టొద్దు" అన్నాను.

"నేనూ వస్తా షాపుకి" అంది పెద్దది.

దాన్ని చూడగానే షాపావిడకి అన్నీ అర్థమైనట్టున్నాయి. నన్నేమీ అడగలేదు. పెద్దదాని ముందు వంగి, "ఎన్ని కావాలమ్మా?" అంది.

"ఏమీ వద్దండీ. నీళ్లలో కలిపే మందు ఇవ్వండి చాలు."

"ఒక్కటి తీసుకుందాం" అన్నాను నేను.

"వద్దు నాన్నా."

"అంత తొట్టెలో ఒక్కటే ఎలా ఉంటుంది తల్లీ? తోడు లేకుండా?"

పెద్దది కళ్లమీద జుట్టు తోసుకుని నావైపు చూసింది. "అందరూ అదే అంటారు. పెద్దమ్మ కూడా. ఉండనిచ్చి చూడొచ్చుగా."

షాపావిడ పక్క తొట్టెవైపు వెళ్లిపోయింది, వల ముంచి దేనికోసమో వెతుకుతున్నట్టు.

"బెంగపెట్టుకుంటే?" అన్నాను. "బెంగతో అది కూడా పోతే?"

ఈ మాట ఇన్నాళ్లూ ఎవరితో అనలేదు. ఇందులోనూ రాయలేదు. అక్కడ, గాలిబుడగల చప్పుడు మధ్య, తొమ్మిదేళ్ల పిల్లని అడిగాను.

అది ఆలోచించింది. ఊరడించడానికి అనే మాట కోసం కాదు. నిజంగా ఆలోచించింది.

"బెంగ ఉంటుంది నాన్నా. చాలా ఉంటుంది. పోదు కూడా. అయినా అది తింటుంది."

మందు సీసా తీసుకుని వచ్చేశాం. దారిలో నా చెయ్యి అదే పట్టుకుంది, రోడ్డు దాటేదాకా. దాటాక వదిలేసింది.

జూలై 19, ఆదివారం

మా ఆవిడ పొద్దున్నే వదినకి ఫోన్ చేసింది. పిల్లని తీసుకురావద్దంది. అవతల వదిన చాలాసేపు మాట్లాడింది. ఇవతల మా ఆవిడ ఒక్కటే మాట. "చూద్దాం అక్కా. ముందు దాన్ని కాస్త ఉండనిద్దాం. అవును, నాకూ భయంగానే ఉంది."

ఫోన్ పెట్టేసి కత్తెర, దువ్వెన తెచ్చింది. పెద్దది వచ్చి స్టూలు మీద కూర్చుంది. తరువాత ఎవరూ రాలేదు. మా ఆవిడ చేతులు కాసేపు గాల్లోనే ఆగిపోయాయి.

"ఎప్పట్లాగే చెయ్యనా?"

"వద్దమ్మా. భుజాలదాకా ఉంచు. ముందర మాత్రం కత్తిరించు, బోర్డు కనపడట్లేదు."

కళ్లు బయటపడ్డాయి. రెండు కళ్లూ బాగా లోపలికి పోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ జుట్టు కింద ఏముందో మేం చూడనే లేదు.

జూలై 22

మా ఆవిడ దుప్పటి, దిండు తీసుకుని మా గదిలోకి వచ్చేసింది. చిన్నదాని మంచం అలాగే ఉంది. దాని సంగతి ఎవరం ఎత్తలేదు. బస్సు మేత తింటోంది.

జూలై 26, ఆదివారం

భోజనాలయ్యాక పెద్దది తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పెట్టలేదు, వేసుకుంది అంతే. మేం హాల్లో కూర్చున్నాం. మా ఆవిడ రేపటినుంచి పార్లర్‌కి వెళ్తుంది, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

కొంతసేపటికి లోపల్నించి ఏడుపు వినపడింది. ముందు సన్నగా, దిండులో మొహం పెట్టుకున్నట్టు. తరువాత గట్టిగా. చెల్లిని పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. చిన్నది పోయినప్పటినుంచి అది అలా ఒక్కసారీ ఏడవలేదు. మేం ఒక్క నిమిషం వదిలితే కదా.

మా ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి లేచింది. నేనూ లేచాను. ఇద్దరం తలుపుదాకా వెళ్లాం. తను గొళ్లెం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మీద నా చెయ్యి వేశాను. ఎందుకు వేశానో అప్పటికి తెలియదు. తను నావైపు చూసింది. ఆపకండి అన్నట్టూ ఉంది, ఆపండి అన్నట్టూ ఉంది ఆ చూపు.

అక్కడే తలుపు బయట నేలమీద కూర్చున్నాం ఇద్దరం. బిడ్డ లోపల ఏడుస్తుంటే బయట కూర్చోవడం ఎంత కష్టమో ఎవరికి చెప్పగలను? మా ఆవిడ నా చొక్కా చెయ్యి పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఎంతసేపో తెలియదు. ఏడుపు వెక్కిళ్లయింది. వెక్కిళ్లు ముక్కు ఎగబీల్చడమయింది. ఆ తరువాత చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడమే అన్నిటికంటే కష్టం.

తలుపు తెరుచుకుంది. మొహమంతా ఉబ్బిపోయి ఉంది. కాళ్లకి అడ్డంగా కూర్చున్న మా ఇద్దర్నీ చూసి ఆగింది.

"ఇక్కడే ఉన్నారా?"

"ఊ" అన్నాను.

"లోపలికి రాలేదేం?"

మా ఆవిడే చెప్పింది. "నువ్వు పిలవలేదుగా."

పెద్దది వంగి, మా ఇద్దరి మధ్య ఉన్న కొంచెం చోటులో ఇరుక్కుని కూర్చుంది. దాని ఒళ్లంతా వేడిగా ఉంది, ఏడ్చిన వేడి. జ్వరం కాదు. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను, జ్వరం కాదు.